మేం చేసిన దానం

నాకు వాదించడం వచ్చు. వంట రాదు, ఈత రాదు, ఫ్యూజు పోతే వేయడం కూడా రాదు. వాదించడం మాత్రం వచ్చు. ముప్పై ఏళ్ళు ఆ విద్యను చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఎవరైనా నా ముందు "దీనికి రెండు వైపులున్నాయండీ" అని మొదలుపెడితే వినలేను. లేచి వెళ్ళిపోతాను. మర్యాద కాదని తెలుసు, అయినా కూర్చోలేను.

నేను చెన్నైలో ఒక కాలేజీలో తత్వశాస్త్రం పాఠాలు చెబుతాను. మా తాతల నాటి నుంచీ మాది చూలైనే. అన్న ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున చింతాద్రిపేటలో ఒక మేడ మీది హాల్లో తెలుగువాళ్ళం ముప్పై నలభై మంది చేరేవాళ్ళం, వాదించుకోవడానికి. తమిళులు పట్టిమన్రం అంటారే, అదే పద్ధతి. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, మధ్యలో నడువర్, అంటే తీర్పరి. అందరూ మాట్లాడాక ఆయన తీర్పు చెబుతాడు. మా సంఘంలో ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. ఎవరు ఏ పక్షమో ముందు చెప్పరు. ఒక టిఫిన్ డబ్బా మూతలో చీటీలు వేసి అప్పటికప్పుడు తీయిస్తారు. ఏ చీటీ వస్తే ఆ పక్షం. నమ్మకంతో పనిలేదు. నమ్మనిదాన్ని నమ్మినట్టు మాట్లాడగలిగినవాడే మాలో మొనగాడు. ఆ మొనగాణ్ణి నేనే.

ఉరిశిక్ష ఉండాలా, మంచాన పడ్డవాళ్ళు చావును కోరుకోవచ్చా, చదువుతో కులం పోతుందా, మేము తేల్చని సంగతి లేదు. పన్నెండున్నర కల్లా తేల్చేసి, కిందికి దిగి పొంగలి తిని ఇళ్ళకు పోయేవాళ్ళం. గర్భం ఉంచుకోవాలో వద్దో నిర్ణయించే హక్కు ఎవరిదని వాదించుకున్న రోజున వేదిక మీద ఏడుగురమూ మగవాళ్ళమే. ఆ రోజు అది ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొంగలి కూడా వెనక్కి వస్తుందేమో అనిపిస్తుంది.

ఒక నెల అంశం నేనే సూచించాను: "అవయవదానం, కర్తవ్యమా, ఔదార్యమా?" అప్పటికి మా అన్నకు డయాలిసిస్ మొదలై నాలుగు నెలలు. అంబత్తూరులో అతనికి నాలుగు లేత్ మిషన్ల చిన్న వర్క్‌షాపు. వారానికి మూడు రోజులు ఆస్పత్రి, మిగిలిన రోజులు నీరసం. ఇంట్లో ఉన్న బాధ కాబట్టి వేదిక మీద బాగా పండుతుందని నాకు తోచింది. పండింది కూడా. నాకు ఔదార్యం చీటీ వచ్చింది. చివర ఒక మాట అన్నాను: "వద్దనే వీలు లేని చోట సరే అన్న మాటకు విలువ లేదు." హాలు దద్దరిల్లింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఐటీలో పనిచేసే కుర్రాడొకడు పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "అదరగొట్టేశారండీ మాస్టారూ! ఆ ఒక్క మాట చాలండీ, ఇంకేం అక్కర్లేదు." ఆ మాటను ఫోన్లో రికార్డు చేసి గ్రూపులో కూడా పెట్టాడు. నేను దాన్ని ఇంటికి పోయి నాలుగుసార్లు విన్నాను.

ఆ తరువాతి వారమే డాక్టరు అన్నకు చెప్పాడు, ఎన్నాళ్ళని ఇలా, ఇంట్లోవాళ్ళెవరైనా కిడ్నీ ఇస్తే మంచిదని. ఆ రోజు అన్న వెంట వెళ్ళింది నేనే. అన్నదీ నాదీ ఒకటే బ్లడ్ గ్రూపు, అది మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, షుగరు అంచున ఉందని నేను చెప్పినా, ఎందుకైనా మంచిది పరీక్ష చేయించుకొమ్మని ఒక చీటీ రాసిచ్చాడు. దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాను. వాన పడుతోందని ఒకరోజు, పరీక్ష పేపర్లు దిద్దాలని ఒకరోజు, వెళ్ళలేదు. ఒకరోజు ల్యాబు మెట్ల దాకా వెళ్ళి, క్యూ పెద్దదిగా ఉందని వెనక్కి వచ్చాను. క్యూలో ఉన్నది ముగ్గురు.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంట్లో అందరం కూర్చున్నాం. మంచం మీద అన్న, కింద చాప మీద అమ్మ, నా భార్య, అన్న కొడుకు, నేను. వదిన పెరట్లో అంట్లు తోముతోంది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు. నాకు గోల పడదు. "ఒక పద్ధతిగా మాట్లాడుకుందాం" అన్నాను. ఒక్కొక్కరినీ మాట్లాడనిచ్చాను, మధ్యలో ఎవరైనా దూరితే చెయ్యెత్తి ఆపాను. నాకు తెలియకుండానే నేను నడువర్ అయిపోయాను. తెలియకుండానే అని ఇప్పటికీ రాస్తున్నాను చూడండి. తెలిసే అయ్యాను.

అన్న కొడుకు తన పెళ్ళి కుదిరిందని, ఆడపిల్లవాళ్ళు ఏమంటారోనని అన్నాడు. అమ్మ "నా పానం తీసుకోండి నాయనా" అంది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆమె కిడ్నీ ఎవరికీ పనికిరాదని అందరికీ తెలుసు, అందుకే అందరం కళ్ళు తుడుచుకున్నాం. నా భార్య నా వంక చూడకుండానే "ఈయనకి షుగరు బార్డర్‌లో ఉండాది" అంది. డాక్టరు అది తెలిసే చీటీ రాశాడని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. నడువర్‌కు పక్షం ఉండదు కదా. అందుకని కిడ్నీలు కూడా ఉండవు. ఆ మధ్యాహ్నం నా కిడ్నీల మాట ఇంకెవరూ ఎత్తలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్న సభకు నేను అధ్యక్షుణ్ణి.

అన్న ఒక్కమాటే అన్నాడు. "ఎవురినీ ఇబ్బంది పెట్టబాకండిరా. ఎన్ని దినాలు ఉంటే అన్ని దినాలు." అందరూ మళ్ళీ ఏడ్చారు.

అప్పుడు నేను తీర్పు చెప్పాను. ఒకరి ఒంటి మీద ఇంకొకరికి హక్కు లేదన్నాను. కర్తవ్యమని ఎవరినీ నిర్బంధించకూడదన్నాను. ప్రేమతో ఎవరు ముందుకు వస్తే వాళ్ళదే ఆ భాగ్యం అన్నాను. చాలా నిష్పక్షపాతంగా ఉంది తీర్పు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ప్రేమంటే పెండ్లానికి లేక ఇంకెవురికి ఉంటాది?" అని పెరటి వైపు తిరిగి కేక వేసింది. వదిన చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆమెది ఎవరికైనా సరిపోయే గ్రూపు. ఆ గ్రూపుతో పుట్టడం కూడా ఆమె నేరమే అన్నట్టు అందరం ఆమె వంక చూశాం. అమ్మ విషయం చెప్పింది. వదిన అన్న వంక చూసింది. అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"సరి అత్తా" అంది వదిన. అని, తోముతున్న గిన్నెలు సగంలో ఉన్నాయని మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో వదిన సొమ్మును మేమందరం కలిసి దానం చేసేశాం. పైగా ఔదార్యమని పేరు పెట్టాం.

ఇచ్చేవాళ్ళు తమంతట తామే ఇస్తున్నారా, ఎవరైనా ఒత్తిడి చేశారా అని ఆస్పత్రిలో ఒక కమిటీ అడుగుతుంది. ముగ్గురు కూర్చుంటారు, వీడియో తీస్తారు. అక్కడ తడబడితే మొత్తం ఆగిపోతుందని ఎవరో అన్నారట, ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. పిల్లకాయలకు మాటలు నేర్పేవాడివి, వదినకు నేర్పలేవా అని. సాయంత్రాలు కాలేజీ నుంచి నేరుగా అన్న ఇంటికి పోయేవాణ్ణి. వదిన ముందు గదిలో కుట్టుమిషను ముందు ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. నేను స్టూలు లాక్కుని కమిటీనయ్యేవాణ్ణి.

"ఈ ఆలోచన ముందు ఎవరికి వచ్చింది?"

"ఇంట్లో అందరూ కూర్చోని మాట్లాడుకున్నారు…"

"అట్టా చెప్పకూడదు వదినా. నాకే తోచింది అని చెప్పల్ల."

"నాకు తోచలేదు గదా అబ్బయ్యా."

"తోచినట్టే గదా. సరి అన్నావు గదా."

ఆమె మిషను చక్రం చేత్తో ఆపి, "నాకే తోచింది" అని అప్పజెప్పింది. మూడో సాయంత్రానికి అన్నీ వచ్చేశాయి. ప్రమాదం ఉందని తెలుసు. డాక్టరు అన్నీ చెప్పాడు. ఎవరూ ఏమీ ఆశ చూపలేదు. నా సంతోషంతోనే ఇస్తున్నాను. సంతోషం అన్నచోట కొంచెం నవ్వమని కూడా చెప్పాను. అవును, అది కూడా చెప్పాను.

ఆ సాయంత్రమే, నేను లేవబోతుంటే, కత్తెర కింద పెట్టి అంది.

"భయంగా ఉండాది అబ్బయ్యా."

మా వదిన ఈ ఇంటికి వచ్చి ఇరవై తొమ్మిదేళ్ళు. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చింది. నేను అప్పటికి చదువుకుంటున్నాను. ఇన్నేళ్ళలో తనకు ఏదైనా కావాలని గానీ, ఏదైనా వద్దని గానీ నాతో అనడం నేను వినలేదు. భయంగా ఉందన్న ఆ ఒక్క మాట అనడానికి ఆమె ఎన్ని రోజులు లోపల తిప్పుకుందో. దానికి నేను ఏం చెప్పానో వినండి.

"భయం వేరు వదినా, ఇష్టం లేకపోవడం వేరు. భయం ఒంటికి సంబంధించింది. ఇష్టం మనసుకు సంబంధించింది. భయపడతా కూడా ఇష్టంతో చేయొచ్చు. దాన్నే ధైర్యమంటారు."

క్లాసులో ఏటా చెప్పే పాఠం అది. పిల్లలు నోట్సు రాసుకుంటారు.

వదిన నా మొహం చూసింది. "అట్టనా? నాకు రెండూ ఒకటి మాదిరే ఉండాయి" అంది. ఆ తరువాత మాట్లాడలేదు. ఒప్పుకుందని నేను సంతోషించాను. వాదనలో అవతలివాళ్ళు మాట్లాడకపోతే గెలిచినట్టే లెక్క మాకు.

అయినా నాకు అనుమానం తీరలేదు. గదిలో ఒక్కతే ఉంటే ఏమంటుందో ఏమో. మామూలుగా ఇంటివాళ్ళను లోపలికి రానివ్వరట. అందుకని ఆస్పత్రిలో చెప్పాను, ఆమె ఆంధ్ర పల్లెటూరి మనిషి, పెద్ద మాటలు తమిళంలో అయితే కంగారు పడుతుంది, నేను పక్కన ఉండి తెలుగులో చెబుతానని. మర్యాదస్తుడిలా ఉంటాను, కాలేజీ కార్డు ఉంది, వాళ్ళు సరేనన్నారు. మా వదిన చూలై మార్కెట్లో తమిళంలో బేరమాడితే కొట్టువాళ్ళు దణ్ణం పెట్టి ఇచ్చేస్తారు. అది వాళ్ళకేం తెలుసు? వదినకు బయట వరండాలో చెప్పాను. "వాళ్ళు అడిగేది నేను తెలుగులో చెప్తా. నేను చెప్పిందాకా నువ్వు జవాబు చెప్పబాక."

"సరి" అంది.

లోపల ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. ఆవిడా డాక్టరే. మూల స్టాండు మీద కెమెరా. ప్రశ్నలన్నీ నేను అనుకున్నవే వచ్చాయి. నేను తెలుగులో చెప్పడం, వదిన అప్పజెప్పడం, నేను తమిళంలో అందించడం. సంతోషం దగ్గర నవ్వింది కూడా. మగవాళ్ళిద్దరూ కాగితాలు మూయబోయారు. అప్పుడు ఆ పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నన్ను వదిలేసి నేరుగా వదిన కళ్ళలోకి చూస్తూ, నిదానంగా తమిళంలో అడిగింది.

"చూడమ్మా. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడైనా చెప్పొచ్చు. నువ్వు వద్దన్నావని మేము ఎవరికీ చెప్పం. పరీక్షలో సరిపోలేదని మేమే మీ ఇంట్లో చెబుతాం. నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు. వద్దంటావా?"

ఈ ప్రశ్న నేను నేర్పలేదు. ఇలాంటి ప్రశ్న ఉంటుందని నాకు తెలియదు. వేదికెక్కి నేను చప్పట్లు కొట్టించుకున్న మాటను ఆవిడ చప్పట్లు లేకుండా, ఒక మనిషికి పనికొచ్చేలా అడిగింది. వద్దనే వీలు. అదిగో, బల్ల మీద పెట్టింది.

వదిన ఆవిడను చూసింది. తరువాత నా వైపు తిరిగింది. నేను చెప్పేదాకా జవాబు చెప్పవద్దన్నాను కదా, అందుకు ఆగింది.

ఆ క్షణంలో నాకు తత్వశాస్త్రం ఏదీ గుర్తు రాలేదు. పర్సులో ఉన్న చీటీ గుర్తొచ్చింది. వదిన వద్దంటే తరువాతి వరుసలో ఉన్నది నేను. ఇంకెవరూ లేరు.

"ఇష్టంతోనే ఇస్తా ఉండావా అని అడగతా ఉండారు వదినా" అన్నాను.

ఆమె నన్ను చూస్తూనే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఎంతసేపో చెప్పలేను, కెమెరాలో చూస్తే తెలుస్తుంది.

"ఆమా" అంది, అవునన్నట్టు. "ఇష్టంతోనే."

దాన్ని మాత్రం ఒక్క అక్షరం పోకుండా తమిళంలో చెప్పాను. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేసింది.

ఆపరేషను బాగానే జరిగింది. అన్న కోలుకున్నాడు. మొహం తేటపడింది, నాలుగు నెలలకు అంబత్తూరు వెళ్ళడం మొదలుపెట్టాడు. వదినకు నడుము పక్కన కోత మానింది గానీ, ఎక్కువసేపు మిషను ముందు కూర్చుంటే గుంజుతుందట. రోజుకు రెండు జాకెట్లు కుట్టేది, ఇప్పుడు ఒకటి. అమ్మ వచ్చినవాళ్ళందరికీ కోడలి గొప్ప చెబుతుంది. ఎవరికీ నష్టం లేదు, అందరూ బాగున్నారు. నేనూ బాగానే ఉన్నాను, రెండు కిడ్నీలతో.

అక్కడితో ఆగినా బాగుండేది. మా సంఘంవాళ్ళు వదినకు సన్మానం చేస్తామన్నారు. వద్దనాల్సినవాణ్ణి, నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. రెండో ఆదివారం, అదే హాలు. శాలువా, పళ్ళెంలో పళ్ళు, ఫ్లెక్సీ. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె తల పైన ఫ్లెక్సీలో పెద్ద పెద్ద ఎర్రటి అక్షరాలు: "వద్దనే వీలు లేని చోట సరే అన్న మాటకు విలువ లేదు." ఆ ఐటీ కుర్రాడు నా మీద అభిమానంతో వేయించాడు. కింద నా పేరు. నేను మైకు ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాను. స్త్రీ త్యాగం గురించి కాదు, అది పాతకాలపు మాట. స్త్రీ నిర్ణయం గురించి మాట్లాడాను. వదిన మెడ తిప్పి ఆ ఫ్లెక్సీ చదవడం చూశాను. మా ఇంట్లో చాలామందికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. ఆమె పల్లెలో పదో తరగతి దాకా తెలుగులో చదివింది. తడుముకోకుండా చదువుతుంది.

మరునాడు సాయంత్రం అన్న ఇంటికి వెళ్ళాను. అన్న ఇంకా రాలేదు. అమ్మ కోవెలకు పోయింది. వదిన నాకు కాఫీ ఇచ్చి మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఆ బేనర్లో రాసిండేది నువ్వు చెప్పిందేనా అబ్బయ్యా?"

"ఆమా వదినా."

"బాగుండాది."

దారం ఎక్కలేదు. కొస తడిపి మళ్ళీ ఎక్కించింది.

"ఆ పెద్దమ్మ ఆస్పత్రిలో అడిగింది చూడు, అది నాకు అర్థమయింది. నువ్వు చెప్పే ముందరే." గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు చాల్లేదని చెప్పినట్టు చెబుతోంది. "నువ్వెట్టా చెప్తావో చూద్దామని ఉన్నా."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"నువ్వు సరిగ్గా చెప్పుంటే ఒద్దనుంటానో లేదో నాకే తెలీదు. ఆయన మొగం చూసి ఇచ్చేదాన్నేమో. ఇచ్చినందుకు నాకేం బాధ లేదు." చక్రం మీద చెయ్యి పెట్టింది. "మన ఇంట్లో ఒక్కరన్నా అడిగుంటే చాలనుకున్నా. అంతే."

మిషను మొదలైంది. మా సభలో అవతలి పక్షం మాట్లాడాక జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు ఇస్తారు. నాకు అంతకన్నా ఎక్కువే దొరికింది, ఆమె జాకెట్టు చెయ్యి ఒకటి పూర్తిగా కుట్టి రెండోదానికి వచ్చింది. మిషను ఆపి నడుము పక్కన చెయ్యి పెట్టుకుని ఒకసారి ఊపిరి తీసుకుని, మళ్ళీ కుట్టసాగింది.

గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళి, పంపు కింద కడిగి, బోర్లించి వచ్చాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో నేను తాగిన గ్లాసు నేను కడగడం అదే మొదటిసారి.